తిరగలి లెక్క

లెక్కలన్నా, సైన్సన్నా నాకు చిన్నప్పట్నుంచీ బెదురు. బి.ఏ. చదివినదాన్ని. నా నవలల్లో కథానాయకుడు ఇంజనీరైతే అతన్ని ఎప్పుడూ సముద్రపు ఒడ్డునో, పెళ్లిచూపుల్లోనో కూర్చోబెడతాను గాని, పొరపాటున కూడా ఫ్యాక్టరీలోకి పంపను. పంపితే అక్కడ అతనేం చేస్తాడో నాకు తెలియాలి కదా! అలాంటి నేను ఈ ఏడు సంక్రాంతికి మా అమ్మగారింట్లో పెరటి వసారాలో కూర్చుని, ఇంటర్మీడియట్ ఫిజిక్సు లెక్క ఒకటి మొదట్నుంచి చివరిదాకా చేశానంటే మీరు నమ్మరు. మావారైతే ఇప్పటికీ నమ్మడం లేదు.

మా పుట్టిల్లు నెల్లిమర్ల. విజయనగరానికి దగ్గరే. జూట్ మిల్లు, చంపావతి ఏరు, కాస్త దూరంలో రామతీర్థం కొండ – మా చిన్నప్పటి లోకం అంతే. నాన్నగారు విజయనగరంలో ఒక బట్టలకొట్లో పద్దులు రాసేవారు. మా ఇంట్లో గడియారం ఉన్నా ఎవరూ చూసేవాళ్లం కాదు. మిల్లు కూతే మాకు గడియారం. మధ్యాహ్నం కూత వినపడగానే అమ్మ వసారాలో తిరగలి ముందు కూర్చునేది. కందిపొడికి కందులు, సున్నుండలకి మినుములు, ఒంటికి రాసుకునే సున్నిపిండికి పెసలు – ఏదో ఒకటి పడుతూనే ఉండేది.

ఆ తిరగలి ఇప్పటికీ ఉంది. రుబ్బురోలు గ్రైండరుకి చోటిచ్చి పెరట్లో తులసికోట పక్కకి వెళ్లిపోయింది. రోకలి ఏమైందో ఎవరికీ తెలీదు. తిరగల్ని మాత్రం అమ్మ వదల్లేదు. పండక్కి అరిసెలూ, పోకుండలూ ఎలా చేసినా ఒప్పుకుంటుంది గాని, సున్నుండలకి మాత్రం తిరగలి పిండే కావాలి. డెబ్బై ఏళ్లు దాటాయి, కుడిభుజం పైకెత్తలేదు. అయినా సరే!

భోగి ముందురోజు ఆవిడ తిరగలి తిప్పుతుంటే, మావారు పడకకుర్చీలోంచి చూస్తూ ఒక చమత్కారం విసిరారు.

"అత్తయ్యగారూ, మీరు ఇంతసేపు తిప్పారు గాని, సైన్సు ప్రకారం మీరు చేసిన పని సున్నా. బలాన్ని స్థానభ్రంశంతో గుణిస్తే పని. మీ చెయ్యి బయల్దేరిన చోటికే తిరిగొచ్చింది. స్థానభ్రంశం లేదు, కాబట్టి పనీ లేదు!"

ఆయన బ్యాంకు ఉద్యోగి. పదో తరగతిలో చదివిన ఈ ఒక్క సూత్రాన్ని పాతికేళ్లుగా అటకమీద ఇత్తడి గిన్నెలా దాచుకుని, పండగలకీ పబ్బాలకీ దింపుతూంటారు. అమ్మ నవ్వి ఊరుకుంది. నేను మాత్రం నవ్వలేకపోయాను. ఎందుకు నవ్వలేకపోయానో తర్వాత చెబుతాను.

"అది తప్పు నాన్నా!" అంది మా అమ్మాయి. అది ఇంటర్ మొదటి సంవత్సరం, ఎం.పి.సి. సరిగ్గా అప్పుడే ఆ పాఠం చదువుతోంది. అది చెప్పిన పద్ధతి నాకు అర్థమైంది కాబట్టి మీకూ అర్థమవుతుందని ధైర్యం చేసి రాస్తున్నాను.

విజయనగరం పైడితల్లమ్మవారి పండక్కి రంగులరాట్నం వస్తుంది కదా. మనం ఎక్కి ఒక చుట్టు పూర్తిగా తిరిగి కిందికి దిగామనుకోండి. భూమి మనల్ని ఎప్పుడూ కిందికే లాగుతుంది. పైకెళ్లేటప్పుడు ఆ లాగుడు మనకి ఎదురు, కిందికొచ్చేటప్పుడు అనుకూలం. అందుకని చుట్టు పూర్తయ్యేసరికి భూమి చేసిన పని ఇటూ అటూ చెల్లిపోయి సున్నా అవుతుంది. మావారి సూత్రం అక్కడ చెల్లుతుంది. ఎందుకంటే ఆ బలం ఎప్పుడూ ఒకే దిక్కుకి ఉంటుంది.

తిరగలి దగ్గర అలా కాదు. కొయ్యపిడి ఎటు తిరిగితే చెయ్యి అటే తోస్తుంది. పిడి తూర్పుకి పోతే తూర్పుకి, దక్షిణానికి మళ్లితే దక్షిణానికి. ఆ గుండ్రటి దారిని చిన్న చిన్న ముక్కలుగా కోసి చూస్తే, ప్రతి ముక్కలోనూ చెయ్యి తోసిన వైపే పిడి కదిలింది. ప్రతి ముక్కలోనూ కొంత పని జరిగింది. ఆ పనులన్నీ కూడుకోవాలేగాని, మొదలూ చివరా మాత్రం చూసి సున్నా అనేయకూడదు. ఇంటి ఖర్చు కూడా అంతే కదా! ఒకటో తారీకున పర్సు ఖాళీ, ముప్ఫయ్యో తారీకున ఖాళీ. అంతమాత్రాన మధ్యలో ఏమీ జరగలేదంటే ఏ ఇల్లాలైనా ఒప్పుకుంటుందా?

"మరి ఎలా కొలుస్తావే?" అని అడిగాను.

"టార్క్ ని కోణంతో గుణించాలమ్మా" అంది. టార్క్ అంటే తిప్పే సత్తువ. తెలుగు పుస్తకాల్లో బలభ్రామకం అని గంభీరంగా ఉంటుంది. ఎంత బలంతో తోస్తున్నామో, మధ్య ఇరుసు నుంచి ఎంత దూరంలో తోస్తున్నామో – ఆ రెంటినీ గుణిస్తే వచ్చేది. తలుపుని గుమ్మం బందుల దగ్గర తోసి చూడండి, కదలదు. గడియ దగ్గర తోస్తే వేలితో తెరుచుకుంటుంది. అదే సంగతి.

ఇంతలో అమ్మ మా అమ్మాయిని పిలిచి, "ఓసి గుంటా, కబుర్లు ఆపి రెండు చుట్లు తిప్పు" అంది. అది కూర్చుని పిడిని తనవైపు లాక్కుంటూ తిప్పబోయింది. రాయి కదల్లేదు. "నీ వైపు లాక్కుంటే ఏటొస్తుందే? అది పోయేవైపు తొయ్యి" అంది అమ్మ. మా అమ్మాయి ఒక్కసారి ఆగిపోయి, "అమ్మమ్మా! మా పుస్తకంలో ఒక పేజీ అంతా ఇదే ఉంది!" అంది. ఇరుసువైపు లాగిన బలం ఎంతైనా సరే, పనిలోకి రాదట. తిరిగే దారివెంట తోసిందే లెక్కలోకి వస్తుంది. చెయ్యి మాత్రం రెంటికీ ఒకేలా నొప్పెడుతుంది. పుస్తకం భాషలో శ్రమ వేరు, పని వేరు. ఆ తేడా మా అమ్మకి ఏ పుస్తకం చెప్పాలి!

ఇంకో సందేహం నాకే వచ్చింది. పిడి ఇరుసుకి దగ్గరగా ఉంటే తిప్పడం కష్టం, అంచున ఉంటే తేలిక. అలాంటప్పుడు అంచున పెట్టుకుంటే పని తగ్గినట్టేనా? తగ్గదట. అంచున బలం తక్కువ చాలుతుంది గాని, చెయ్యి పెద్ద చుట్టు తిరగాలి. ఇటు మిగిలింది అటు పోతుంది. మొత్తం మీద పని అంతే. మా అత్తగారి కాలానికీ మా కాలానికీ ఉన్న తేడా లాంటిదన్నమాట అనుకుని ఊరుకున్నాను, పైకి అనలేదు.

ఇంక కొలవడం మొదలుపెట్టాం. వంటింట్లో కూరగాయలు తూచే కొక్కెం త్రాసు ఒకటుంది. మా అమ్మాయి దాన్ని పిడికి తగిలించి, పిడి తిరిగే దారినే లాగుతూ రాయిని తిప్పింది. ముల్లు కాస్త అటూ ఇటూ ఊగి, రెండు కిలోల దగ్గర నిలిచింది. రెండు కిలోలంటే సుమారు 20 న్యూటన్ల బలం. ఇరుసు నుంచి పిడికి దూరం 20 సెంటీమీటర్లు, అంటే మీటరులో అయిదోవంతు. రెంటినీ గుణిస్తే టార్క్ 4.

కోణం సంగతికొచ్చేసరికి డిగ్రీలు పనికిరావంది. ఇరుసు నుంచి పిడిదాకా ఎంత దారం పడుతుందో అంత దారం తెంపి, పిడి తిరిగే చుట్టువెంట పరిచి చూపించింది. ఆరుసార్లు పట్టి, ఇంకా కొంచెం మిగిలింది. సరిగ్గా చెప్పాలంటే 6.28 సార్లు. ఆ ఒక్కో దారం పొడుగు కోణాన్ని రేడియన్ అంటారట. ఒక చుట్టుకి 6.28 రేడియన్లు. నాలుగుని దాంతో గుణిస్తే 25. అంటే తిరగలి ఒక చుట్టు తిప్పితే 25 జౌళ్ల పని!

సున్నా కాదు, 25. మావారు పేపరు మొహానికి అడ్డం పెట్టుకున్నారు.

అమ్మ నిమిషానికి ముప్ఫై చుట్లు తిప్పుతుంది. గడియారం పెట్టుకుని లెక్కపెట్టాం. పెరట్లో నూతిలోంచి పదిలీటర్ల బకెట్టుని ఎనిమిది మీటర్లు చేదితే ఎంత పనో, ఆ ముప్ఫై చుట్లకీ ఇంచుమించు అంతే పనట. నిమిషానికొక బకెట్టు చొప్పున గంటసేపు నీళ్లు తోడినట్టు! కూర్చుని చేసే పని కదా అని ఇన్నాళ్లూ ఎవరూ పట్టించుకోలేదు.

ఈ లెక్క కొత్తదేం కాదు. 1780ల్లో జేమ్స్ వాట్ తన ఆవిరియంత్రాలు అమ్ముకోవాలంటే ఒక యంత్రం ఎన్ని గుర్రాల పెట్టో చెప్పాల్సొచ్చింది. ఆయన లెక్కగట్టింది బండి లాగే గుర్రాన్ని కాదు, మన గానుగెద్దులా గుండ్రంగా తిరుగుతూ మర తిప్పే గుర్రాన్ని. పన్నెండడుగుల దూరంలో కట్టిన గుర్రం, 180 పౌన్ల బలంతో లాగుతూ, గంటకి 144 చుట్లు తిరుగుతుందని వేసుకుని, బలాన్నీ చుట్టుకొలతనీ చుట్లనీ గుణించి, వచ్చినదాన్ని సర్ది 33,000 అన్నాడు. నిమిషానికి అన్ని అడుగు-పౌన్ల పని. ఇవాళ మన మోటార్ల మీద చెక్కి ఉండే హార్స్ పవర్ అదే. అంటే లోకంలోని యంత్రాల బలమంతా కొలవడం ఒక గానుగ గుర్రం దగ్గర మొదలైందన్నమాట! మనం 'గానుగెద్దు చాకిరీ' అని ఈసడిస్తాం గాని, లెక్కలోకి ఎక్కిన చాకిరీ అదే.

అమ్మ శక్తిని దాంతో పోల్చి చూసి, "అమ్మమ్మ అరవయ్యో వంతు గుర్రం" అని తేల్చింది మా అమ్మాయి. "గుర్రానికి ఉలవలైనా పెడతారు" అంది అమ్మ తిప్పుతూనే.

మా చిన్నప్పుడు ఊళ్లో కరెంటు పిండిమర ఉండేది. అయినా కొందరు మా అమ్మ దగ్గరికే వచ్చేవాళ్లు, మర పిండికి ఆ కమ్మదనం రాదని. "మరలో పిండి కాగిపోతుంది" అనేది అమ్మ. నన్ను తిరగలి దగ్గర కూర్చోబెట్టినా అదే మాట: "బేగి బేగి తిప్పకు, పిండి వేడెక్కిపోతుంది". నిప్పు లేకుండా పిండి కాగడమేమిటని అప్పుడు ఆలోచించలేదు. ఆ వేడి రాయి తిప్పిన పనేనట! రంఫర్డ్ అనే ఆయన మ్యూనిక్ ఆయుధశాలలో ఫిరంగిగొట్టాలు తొలిచేటప్పుడు అవి కాలిపోవడం గమనించాడు. మొద్దుబారిన బరమాని నీళ్లలో పెట్టి, గుర్రాలచేత తిప్పిస్తే, రెండున్నర గంటలకి నీళ్లు కుతకుతా మరిగాయి. పొయ్యి లేదు, నిప్పు లేదు. 1798లో ఆయనిది ప్రకటించాడు. ఆ తర్వాత 1840ల్లో జౌల్ అనే ఇంగ్లీషాయన, బరువులు కిందికి దిగుతూంటే నీళ్లలో తెడ్లు తిరిగేలా ఒక సాధనం చేసి, ఎంత పనికి ఎంత వేడి పుడుతుందో లెక్క తేల్చాడు. పనిని కొలిచే జౌలు ఆయన పేరే. గుండ్రంగా తిప్పిన శ్రమ ఎక్కడికీ పోదని, ఏదో రూపంలో ఉంటుందని వాళ్లు రుజువు చేశారు. మా అమ్మకి మాత్రం వేలితో పిండి ముట్టుకుంటే తెలిసేది.

ఇప్పుడు చెబుతాను, మావారి చమత్కారానికి నేనెందుకు నవ్వలేకపోయానో.

1997లో నేను బి.ఏ.లో చేరాను. కాలేజీ దరఖాస్తులో 'తండ్రి వృత్తి' అని ఒక గడి, 'తల్లి వృత్తి' అని ఒక గడి ఉన్నాయి. మొదటి గడిలో 'గుమాస్తా' అని రాశాను. రెండో గడిలో ఏం రాయాలో క్షణం కూడా ఆలోచించలేదు. 'నిల్' అని రాసేశాను. అమ్మ తిరగలి దగ్గర్నుంచి తల తిప్పి, "నా పేరు ఎదురుగా ఏటి రాశావే?" అని అడిగింది. "నిల్ అని రాశానమ్మా" అన్నాను. "ఓహో" అని మళ్లీ తిరగలి తిప్పుకుంది.

ఆ దరఖాస్తుతో పాటు కట్టిన ఫీజు ఎక్కడిదో తెలుసా? పోపులడబ్బా అడుగునుంచి వచ్చింది. ఇంటర్ రెండేళ్లూ, బి.ఏ. మూడేళ్లూ నా ఫీజులూ, విజయనగరం రానూపోనూ ఛార్జీలూ కందిపొడి, సున్నిపిండి కొనుక్కునేవాళ్లు ఇచ్చిన డబ్బులతోనే గడిచాయి. నాన్నగారి జీతం బియ్యానికీ, అద్దెకీ సరిపోయేది. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసే 'నిల్' అని రాశాను. ఎందుకంటే అది వృత్తి అని నాకు తోచలేదు. వసారాలో కూర్చుని గుండ్రంగా చెయ్యి తిప్పడం వృత్తెలా అవుతుంది?

ఆ రోజు వసారాలో ఇదంతా మా అమ్మాయికి చెప్పాను. మొదటిసారి చెప్పడం. అది కాసేపు మాట్లాడలేదు. తర్వాత కాగితం తిప్పి కొత్త లెక్క మొదలెట్టింది.

"అమ్మమ్మా, రోజుకి ఎంతసేపు తిప్పేదానివి?"

"కూత వేసింది మొదలు పిల్లలు బడినుంచి వచ్చేదాకా. గంట అనుకో."

"ఏడాదికి ఎన్నాళ్లు?"

"పండగలూ, ఒంట్లో బావులేని రోజులూ తీసెయ్యి. మూడొందలు వేసుకో."

గంటకి 1,800 చుట్లు. ఏడాదికి 300 గంటలు. అయిదేళ్లకి 1,500 గంటలు. మొత్తం 27 లక్షల చుట్లు! ఒక్కో చుట్టుకి అమ్మ అరచెయ్యి నడిచిన దూరం మీటరుంపావు. అన్నీ కూడితే దాదాపు 3,390 కిలోమీటర్లు. మన దేశం ఉత్తరం కొస నుంచి దక్షిణం కొసకి 3,214 కిలోమీటర్లని బళ్లో చదువుకున్నాం కదండీ? మా అమ్మ చెయ్యి దేశమంతా ఆ కొసనుంచి ఈ కొసకి నడిచి, ఇంకా మిగిలింది. అదీ నెల్లిమర్ల వసారా దాటకుండా. స్థానభ్రంశం సున్నా!

"మరి పనో?" అన్నాను. గొంతు కొంచెం వణికింది. చాలా పెద్ద సంఖ్య వస్తుందని, దాన్ని అమ్మముందు పెట్టి పాతికేళ్లకి పైగా మోస్తున్న బరువు దించుకోవచ్చని నాకు ఆశ.

మా అమ్మాయి రెండుసార్లు లెక్క చూసుకుని, మెల్లిగా అంది: "కరెంటు యూనిట్లలో చెప్తే... 19."

"పందొమ్మిది వేలా?"

"కాదమ్మా. పందొమ్మిది. ఒక యూనిట్ అంటే 36 లక్షల జౌళ్లు. ఎనభై గంటలు తిరగలి తిప్పితే ఒక యూనిట్."

అందరం నిశ్శబ్దమైపోయాం. లెక్కలో తప్పేమీ లేదు. రాయికి అందిన పని అంతే. నిజానికి ఒక వంతు పని బయటికి రావాలంటే ఒళ్లు నాలుగైదు వంతులు ఖర్చుపెడుతుందట, మిగిలిందంతా చెమటా ఒంటివేడీ. అది కలిపినా నూరు యూనిట్లు దాటదు. నొప్పెట్టిన భుజం అందులో లేదు. కూత విని వచ్చి కూర్చున్న రోజులూ లేవు.

అమ్మ మాత్రం ఆసక్తిగా అడిగింది. "మీ ఇంట్లో ఫ్రిజ్జు ఆ పందొమ్మిదీ ఎన్నాళ్లకి తినేస్తుంది?"

"ఇంచుమించు ఇరవై రోజులకి."

"అయితే మీ అమ్మ చదువు ఇరవై రోజుల ఫ్రిజ్జన్నమాట!" అని నోరారా నవ్వింది. ఆ నవ్వుకి మావారు కూడా పేపరు దించారు.

నేను ఉండబట్టలేక అడిగేశాను. "అమ్మా, ఆ దరఖాస్తు నీకు గుర్తుందా? నిల్ అని రాశాను."

"గుర్తులేకేం" అంది. "నిల్ అంటే నిలబడ్డం అనుకున్నానే. ఇదేటి, నేను కూర్చునే కదా చేస్తాను అనుకున్నాను. తర్వాత పక్కింటి పంతులుగారి భార్యని అడిగితే చెప్పింది, సున్నా అని."

"మరి నన్నేం అనలేదేం?"

అమ్మ పిండి ఎత్తుతూ, కొంగుతో రాయి అంచు తుడుస్తూ, కాసేపటికి అంది. "అప్పటికి ఫీజు కట్టేశాం కదే. మళ్లీ కొత్త కాయితం అంటే డబ్బులు అడుగుతారేమో అని."

నాకింక మాట రాలేదు. మా అమ్మాయి తన నోటుపుస్తకంలో 19 చుట్టూ ఒక గుండ్రటి గీత గీసి, పక్కన 'సున్నా కాదు' అని రాసింది. పరీక్షలో దానికి మార్కులు రావు.

"లెక్క అయిందా? అయితే ఇలా రా" అంది అమ్మ, పీట జరిపి నాకు చోటిస్తూ. "ఇంకో తవ్వెడు మినుములున్నాయి. నా భుజం లాగేస్తోంది."

కూర్చున్నాను. పిడి అది పోయేవైపే తోస్తూ తిప్పాను. లోపల లెక్కపెట్టుకుంటూనే ఉన్నాను. ముప్ఫై అయ్యేసరికి నా చెయ్యి పీకడం మొదలెట్టింది. ఒక బకెట్టు నీళ్లు!

ఇరవయ్యేడు లక్షల్లో ముప్ఫై తీరాయి.